పార్ట్ సిలో 25 రాసి 30 మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను

హన్మకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్ దగ్గర, నయీంనగర్‌లో రూములు తీసుకుని చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. అక్కా, జెనెటిక్స్‌తో నెట్ (రీసెర్చ్‌కి, లెక్చరర్ ఉద్యోగానికి రాసే జాతీయ అర్హత పరీక్ష) వస్తదా, వచ్చినా ఉద్యోగం ఉంటదా అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. ముందే చెప్తున్నా, నేను టాపర్‌ని కాదు. నర్సంపేట దగ్గర పల్లె మాది, పదో తరగతి దాకా తెలుగు మీడియం, హన్మకొండలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ, తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ జెనెటిక్స్. హైదరాబాద్‌లో రూమ్ కిరాయి భరించలేక మళ్లీ హన్మకొండకే వచ్చి చదివాను, నెట్‌లో రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చిపెట్టే జేఆర్‌ఎఫ్ మూడోసారికి వచ్చింది.

మొదటిసారి ఎందుకు పోయిందో చెప్తే మీకు పనికొస్తుంది. సైన్స్ వాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌లో, లైఫ్ సైన్సెస్ పేపర్ పార్ట్ సిలో 75 ప్రశ్నలు ఇస్తారు, అందులో 25 మాత్రమే రాయాలి, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు పోతుంది. 25 రాయొచ్చు అన్నారు కదా అని నేను 25 నింపాను. 11 ఒప్పు, 14 తప్పు. 44లోంచి 14 పోతే 30. ఆ 14లో ఎనిమిదైనా గుడ్డిగా పెట్టినవే, వాటిని ముట్టకుండా ఉంటే 38 వచ్చేవి. రెండోసారి భయంతో మరీ తక్కువ రాశాను, అదీ పోయింది. మూడోసారి 16 రాస్తే 12 ఒప్పయ్యాయి, 44 మార్కులు. నాకు తెలివి పెరిగిందేమీ లేదు, వదిలేయడం వచ్చిందంతే.

సిలబస్‌లో 13 యూనిట్లు ఉంటాయి. అన్నీ చదవాలని కూర్చుంటే ఏదీ కాదు. నేను ఎనిమిదో యూనిట్ ఇన్హెరిటెన్స్ బయాలజీ, దానికి దగ్గరి సంబంధం ఉన్న మూడోది (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ల తయారీ), పాపులేషన్ జెనెటిక్స్ కోసం పదకొండోది, మెథడ్స్ కోసం పదమూడోది గట్టిగా పట్టుకున్నాను, వాటితోపాటు సెల్ బయాలజీ, డెవలప్‌మెంటల్ బయాలజీ. ప్లాంట్ ఫిజియాలజీ జోలికే పోలేదు. పార్ట్ ఎ (జనరల్ ఆప్టిట్యూడ్) మాత్రం వదలొద్దు, 30 మార్కులు అవి, రోజూ అరగంట చాలు.

ఇక జెనెటిక్స్ చదివితే రాదు, గీస్తే వస్తుంది. నా దగ్గర నోట్స్ కంటే చిత్తు కాగితాలే ఎక్కువ ఉండేవి. మూడు జీన్లు క్రోమోజోమ్ మీద ఏ వరుసలో ఉన్నాయో తేల్చే త్రీ పాయింట్ క్రాస్ లెక్కలో అన్నిటికంటే తక్కువ పిల్లలున్న రెండు వరుసలు డబుల్ క్రాసోవర్ (రెండు చోట్ల ముక్కలు మారినవి) అని, పేరెంటల్ వాటితో పోల్చినప్పుడు ఏ జీన్ ఒక్కటే మారిందో అదే మధ్యలోది అని చేత్తో ఒక యాభై లెక్కలు చేశాక గానీ నా బుర్రకెక్కలేదు. పెడిగ్రీలయితే, అంటే జబ్బు ఎవరెవరికి వచ్చిందో చూపే వంశవృక్షాలు, మన ఇళ్ల చుట్టూనే ఉన్నాయి, మేనరికాలు ఉన్న ఊళ్లో పుట్టి పెడిగ్రీ రాదంటే ఎట్లా! మేనమామను చేసుకుంటే పుట్టే పిల్లలకి ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియెంట్ (ఒకే పూర్వీకుడి జీన్ కాపీ అమ్మ, నాన్న ఇద్దరి వైపు నుంచీ చేరే అవకాశం) 1/8, మేనబావనైతే 1/16. నేను మా వాడకట్టులో ఒక ఇంటిని గీసుకున్నాను. ఆ ఇంట్లో పాపకి తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు, అమ్మానాన్న ఇద్దరికీ జబ్బు లేదు కాబట్టి ఇద్దరూ క్యారియర్లే, అంటే జబ్బు జీన్ ఒక్క కాపీ మోసేవాళ్లు. పాప అన్న ఆరోగ్యంగా ఉన్నాడు. అతను క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? నేను మొదట సగం అనే రాశాను, అందరూ అదే రాస్తారు. కానీ జబ్బు లేదని తెలిసిపోయింది కదా, నాలుగు అవకాశాల్లో ఒకటి కొట్టేస్తే మూడు మిగులుతాయి, ఆ మూడింటిలో రెండు క్యారియర్. 2/3. ఇప్పుడు ఆ అబ్బాయి మేనమామ బిడ్డని చేసుకుంటే? తల్లి క్యారియర్, ఆమె తమ్ముడికి 1/2, అతని బిడ్డకి 1/4, ఇద్దరూ క్యారియర్లయితే పుట్టే బిడ్డకి జబ్బు 1/4. అబ్బాయి 2/3తో కలిపి మొత్తం గుణిస్తే 1/24. అదే బయటి సంబంధం అయితే, జనంలో వందకి ముగ్గురు క్యారియర్లు అనుకుంటే, 2/3 × 3/100 × 1/4, అంటే 1/200. ఈ ఒక్క బొమ్మలో కండిషనల్ ప్రాబబిలిటీ, మేనరికం, క్యారియర్ ఫ్రీక్వెన్సీ మూడూ వచ్చేశాయి.

ప్రాక్టికల్స్ ఎగ్గొట్టేవాళ్లకి ఒక మాట. క్రోమోజోములు చూడటానికి రక్తం కల్చర్ 72 గంటలు ఎందుకు పెడతారు, కణ విభజనను మధ్యలో ఆపే కాల్చిసిన్ ఎప్పుడు వేస్తారు, ఉప్పు పలచగా ఉండే హైపోటానిక్ ద్రావణంలో ఎందుకు ఉంచుతారు, ఇవన్నీ స్లైడ్ మీద ఒక్కసారి చుక్క వేసి మెటాఫేజ్ (క్రోమోజోములు బాగా కనిపించే దశ) వెతికినవాళ్లకి బట్టీ పట్టే పనే ఉండదు. నాకు మొదటి పది స్లైడ్లలో క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్న మంచి స్ప్రెడ్ ఒక్కటి కూడా రాలేదు, అది వేరే సంగతి.

ఉద్యోగాల సంగతి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 ప్లస్ హెచ్‌ఆర్‌ఏ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, అయితే ఇంటర్వ్యూ వేరుగా దాటాలి. లెక్చరర్ వైపు పోవాలంటే రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్ కూడా రాయండి. డయాగ్నస్టిక్ ల్యాబుల్లో కార్యోటైపింగ్ (క్రోమోజోముల పరీక్ష), సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ వరుస చదవడం) రిపోర్టులు చూసే పని ఉంటుంది, మొదట్లో జీతం తక్కువ, ఆ మాట ఎవరూ ముందు చెప్పరు. ఫోరెన్సిక్ ల్యాబ్ నోటిఫికేషన్ ఎప్పుడో ఒకసారి పడుతుంది, దాని కోసమే ఖాళీగా కూర్చోకండి. 2023 జూలైలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు మీద కేంద్రం మిషన్ మొదలైంది, 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం, ఆదిలాబాద్, ములుగు వైపు పిల్లలు దాని మీద ఒక కన్నేసి ఉంచండి.

నాకు మాత్రం జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకి వివరించే పని, ఇష్టం. పుస్తకం చదివితే చాలనుకుని, పైన చెప్పిన ఆ ఇంటికి ఒక ఆదివారం పోయి 1/24 అని గొప్పగా చెప్పాను. ఆ అబ్బాయి తల్లి అంతా విని, "అయితే మా తమ్ముని బిడ్డని చేసుకోవాల్నా వద్దా, అది చెప్పు బిడ్డా" అన్నది. నాకు నోట మాట రాలేదు. చేసుకోవాలో వద్దో చెప్పడం కౌన్సెలర్ పని కాదని, ఇద్దరికీ హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చేయిస్తే క్యారియర్లో కాదో తేలుతుందని, అప్పుడు నా 1/24 లెక్కే అక్కర్లేదని ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. తెల్లారి మళ్లీ పోయి చెప్పొచ్చాను.