పాత తెడ్ల పడవకు కొత్త పక్కటెముకలు: ఈ నెల పని

చెన్నైలో నేను బాగుచేస్తున్న పన్నెండడుగుల టేకు పడవకు పాత రంగు గీకడం ముగిసింది. ఈ నెలంతా పక్కటెముకలు, అంటే పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు చెక్కలు, మార్చడంతోనే గడిచింది. ఇది క్లింకర్ పద్ధతిలో కట్టిన పడవ, అంటే పైపలక అంచు కిందిపలక అంచును కప్పేటట్లు అమర్చి, రెండింటినీ రాగి మేకులతో బిగించినది. పలకలు చాలావరకు గట్టిగానే ఉన్నాయి. ఎముకలు మాత్రం, పూర్వం ఎవరో ఇనుప స్క్రూలు దించిన చోటల్లా, తుప్పు చుట్టూ నల్లబడి, ఉలి మొన తగిలితే పొడిగా రాలుతున్నాయి. ఉప్పుగాలి వీచే ఊళ్లో పడవకు రాగి, సిలికాన్ కంచు తప్ప మామూలు ఇనుము ముట్టించకూడదు.

ఎముకలకు టేకు కాకుండా, వంపు బాగా నిలుస్తుందని హాకీ కర్రలకు వాడే మల్బరీని ఎంచుకున్నాను. చెక్కను ఆవిరిలో ఉడికించి, మెత్తబడ్డాక వంచాలి. యంత్రంలో పూర్తిగా ఎండబెట్టిన చెక్క కంటే గాలికి ఆరిన చెక్కే ఆవిరికి చక్కగా లొంగుతుంది. నార ఏటవాలుగా పోయిన ముక్కను ఎంత ఉడికించినా అక్కడే చిట్లుతుంది కనుక, దానిని మొదటే పక్కన పెట్టాలి. ఆవిరి పట్టడానికి ప్లైవుడ్ పెట్టె, గ్యాస్ పొయ్యి మీద నీళ్ల డబ్బా, రెండింటినీ కలిపే గొట్టం ఉంటే చాలు. పెట్టె కొసను బిగించి మూయకుండా గుడ్డ కుక్కాలి, ఆవిరికి దారి ఉండాలి. అంగుళం మందానికి గంట అన్నది పాత లెక్క. నా ఎముకలు 10 మిల్లీమీటర్లు కనుక దాదాపు 25 నిమిషాలు పెడుతున్నాను. బయటికి తీసిన తరువాత చెక్క కొద్ది క్షణాలే మెత్తగా ఉంటుంది, కాబట్టి చేతి తొడుగులు వేసుకున్న మనిషి తోడు తప్పనిసరి. మా బావగారు ఆదివారాలు వచ్చి ఆ సాయం చేస్తున్నారు. రివిట్ వేసేటప్పుడు, అంటే రాగి మేకు కొసను అణచి బిగించేటప్పుడు, ఆయన బయట మేకు తలకు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటారు. నేను లోపల రాగి బిళ్ల తొడిగి, మిగిలిన కొసను కత్తిరించి, తేలికపాటి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి గుండ్రంగా అణుస్తాను. గట్టిగా కొడితే చెక్క లోపల మేకు వంగిపోతుంది.

పలకల అతుకులకు ఎపాక్సీ అనే గట్టి జిగురు పూయమని సలహా ఇచ్చేవారున్నారు. నేను పూయను. క్లింకర్ పలక నీళ్లలో ఉబ్బి సందును తానే మూసుకుంటుంది. జిగురుతో కదలికను ఆపితే ఆ ఒత్తిడికి పలకే చీలుతుంది. ఓడరేవు లేని కాలంలో ఇదే మద్రాసు తీరంలో, దూరాన లంగరు వేసిన ఓడల నుంచి మనుషులను, సరుకులను ఒడ్డుకు చేర్చిన మసూలా పడవలకు మేకులు గాని పక్కటెముకలు గాని లేవు. కొబ్బరి పీచు తాడుతో కుట్టిన వాటి పలకలు అలల దెబ్బకు సాగి, వంగి తట్టుకునేవి.

ఇక మిగిలినవి చీలిన రెండు పలకలు. అక్కడ మాత్రం ఎపాక్సీ తగినదే. 8 మిల్లీమీటర్ల పలకకు ఎనిమిది రెట్లు, అంటే 64 మిల్లీమీటర్ల ఏటవాలు కోత పెట్టి కొత్త ముక్కను అతకాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక, జిగురు పూసే ముందు కోతను అసిటోన్‌తో తుడవాలి. ఈశాన్య రుతుపవనాల తేమ మొదలయ్యేలోగా ఈ అతుకులు ముగించాలని ఉంది.