పిన్నితో పెదవాల్తేరు

మంగళవారం.

ఈరోజు సెలవు పెట్టి పిన్నిని పెదవాల్తేరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆటో ఎక్కే ముందే చెప్పింది, "ఎవరైనా అడిగితే కళ్ల డాక్టరు దగ్గరకని చెప్పు" అని. కంచరపాలెంలో సందు దాటకుండానే పక్కింటావిడ "ఏటి, పొద్దున్నే బయల్దేరారు?" అననే అంది. కళ్లకేనని చెప్పాను.

ఆ మానసిక ఆసుపత్రి 1871 నాటిది. ఇన్నేళ్లయినా ఊళ్లో దాన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. మా చిన్నప్పుడు అల్లరి ఎక్కువైతే వాల్తేరు పంపించేస్తామని బెదిరించేవారు. ఆ మాట వింటూ పెరిగిన మనిషి ఆ గేటులోకి తన కాళ్లతో తను నడిచి వెళ్లిందంటే పిన్నికి చాలా ధైర్యం ఉన్నట్టే లెక్క.

బాబాయి కరోనా రెండో వేవ్‌లో పోయాడు, 2021 మేలో. అంబులెన్సు ఎక్కుతూ "చార్జర్ పెట్టావా?" అని అడిగాడట. అదే ఆఖరి మాట. ఆ తర్వాత చుట్టేసిన శరీరం, కిట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు, దూరంగా నిలబడ్డ మా తమ్ముడు. పంతులుగారు వీడియో కాల్‌లో మంత్రాలు చెప్పారు. పదకొండో రోజుకి ఎవరినీ రావద్దని మేమే ఫోన్లు చేశాం. మామూలుగా అయితే ఆ పది రోజులూ ఇల్లు జనంతో కిటకిటలాడేది. వచ్చిన ప్రతివాళ్లకీ మొదటినుంచీ చెప్పుకుని ఏడవడంలోనే సగం బరువు దిగుతుంది. పిన్నికి ఆ చెప్పుకోవడమే లేకపోయింది.

తర్వాత మొదలయ్యాయి గుండె దడ, కడుపులో మంట, తెల్లవార్లూ మెలకువ. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, గ్యాస్ మాత్రలు రాశారు, బలానికి ఇంజెక్షన్లు పొడిచారు. రిపోర్టులన్నీ నార్మల్ అన్నవాళ్లే గాని "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగిన డాక్టరు ఒక్కరూ లేరు. నాకు కోపం అక్కడే వస్తుంది. దిగులు దిగులని చెప్పుకుంటూ రాదు. మన ఆడవాళ్లలో అయితే మరీను, ఒళ్లు నొప్పులనీ నీరసమనీ వస్తుంది.

ఆక్సీమీటర్ సంగతి నాకు తెలిసింది ఈమధ్యే. అప్పట్లో బాబాయి కోసం కొన్నది పిన్ని దిండు కిందే ఉంది. రాత్రి లేచి వేలికి పెట్టుకుంటుంది. 97 చూపిస్తే నమ్మదు, ఇంకో వేలికి మారుస్తుంది. బ్యాటరీలు అయిపోతే టీవీ రిమోట్‌లోవి తీసి వేసుకుంది.

డాక్టరమ్మ చిన్నపిల్లే. కానీ పిన్ని చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నది. తర్వాత అంది: "చూసుకోగానే కాసేపు ధైర్యంగా ఉంటుందమ్మా. మళ్లీ అనుమానం వస్తుంది. చూసుకున్నకొద్దీ చూసుకోవాలనే అనిపిస్తుంది. ఒక్కసారే మానేయమనను. ముందు అర్ధరాత్రి చూసుకోవడం ఆపండి, చాలు." రాసిన మాత్ర పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందట. మొదట్లో కడుపు తిప్పినా, తర్వాత బాగున్నట్టు అనిపించినా, అడక్కుండా మానొద్దని నాకూ గట్టిగా చెప్పింది.

బయట బెంచీ మీద గాజువాక కుర్రాడొకడు, పక్కన వాళ్ల నాన్న. క్లాసులో పదిమంది మధ్య కూర్చుంటే ఊపిరాడడం లేదట. ఇంట్లో ఫోన్‌లో పాఠాలు విన్న రోజుల నుంచీ అంతేనట.

కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచంలో ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో చెప్పింది. అంతకుముందు 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలోనే, మన దేశంలో మానసిక జబ్బులున్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. మన విశాఖకైతే లాక్‌డౌన్ మధ్యలో, 2020 మే 7 తెల్లవారుజామున, వెంకటాపురం గ్యాస్ లీక్ కూడా తోడైంది. గడప దాటొద్దని చెప్పిన రోజుల్లో ఇళ్లొదిలి పరుగెత్తిన జనం వాళ్లు. చనిపోయినవాళ్ల లెక్క ఉంటుంది. ఇప్పటికీ ఏ చిన్న వాసనకైనా ఉలిక్కిపడి లేచేవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంటుంది?

బీపీ, షుగర్ చూడ్డానికి మా వార్డులో ఏఎన్ఎం, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త, వస్తుంది. ఆ పట్టీ కట్టేటప్పుడే నిద్ర ఎలా ఉంది, ఏ పని మీదైనా మనసు పోతోందా అని రెండు ముక్కలు అడిగితే చాలు. అవసరమైనవాళ్లకి టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 చెప్పొచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. మా వీధిలో ఆ నంబరు తెలిసినవాళ్లు నాకైతే కనబడలేదు. ఈసారి ఆవిడ వచ్చినప్పుడు నేనే ఈ మాట అడుగుతాను.

తిరుగు ప్రయాణంలో గురుద్వారా జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పిన్ని అడిగింది, "ఈసారి మీ బాబాయి తద్దినానికి అందర్నీ పిలుద్దామేటి?" అని. ఇన్నాళ్లకి తనంతట తను అన్న మాట. పిలుద్దామన్నాను. శ్రీకాకుళం పెద్దమ్మకి, అనకాపల్లి వాళ్లకి రేపు సాయంత్రం ఫోన్లు చెయ్యాలి. బాబాయితో పనిచేసిన పోర్టు స్నేహితుల నంబర్లు తమ్ముడి దగ్గర ఉంటాయి.