లిఫ్ట్ మెకానిక్‌కి లిఫ్టంటే భయం పట్టింది (నా అనుభవం)

నిన్న కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సర్వీసింగ్‌కి వెళ్లి పద్నాలుగో ఫ్లోర్ దాకా లిఫ్టులోనే ఎక్కాను. మీకిది ఒక విషయమా అనిపించొచ్చు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్న నేను నాలుగు నెలలు టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని మెట్లెక్కాను. మా హెల్పర్ అడిగితే "మోకాళ్ల నొప్పులురా, డాక్టర్ మెట్లెక్కమన్నాడు" అని బొంకేవాణ్ణి.

మొదటిసారి వచ్చింది మార్చిలో, మియాపూర్‌లో. లిఫ్ట్ బాగానే దిగుతోంది. ఏడు, ఆరు, ఐదు. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమట. ఎంత పీల్చినా ఊపిరి అందట్లేదు. వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. ప్రాణం పోతోందని ఖాయం చేసుకున్నాను. కింద తలుపు తెరుచుకునేసరికి కూలబడి ఉన్నా. వాచ్‌మన్ మొహాన నీళ్లు కొట్టాడు. అసోసియేషన్ సెక్రటరీ గారు తన కారులోనే ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఈసీజీ నార్మల్. గుండె దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష ట్రోపోనిన్, అదీ నార్మల్. టూడీ ఎకో నార్మల్. రాత్రంతా అబ్జర్వేషన్ అన్నారు. అందుకు నాకు కోపం లేదు. ఛాతీ పట్టేసిందంటే ముందు గుండె చూపించుకోవాల్సిందే, గ్యాస్ అని మనకు మనం తేల్చుకోకూడదు. నా గొడవంతా మర్నాడు పొద్దున బిల్లింగ్ కౌంటర్ దగ్గర.

బిల్లు 38,400. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చి రెండు గంటలు కూర్చున్నా. కౌంటర్లో కుర్రాడు, మా పెద్దమ్మాయి ఈడు వాడు, హాలంతా వినపడేలా పిలిచాడు.

"సార్, క్లెయిమ్ రిజెక్ట్ అయింది. మీకు జబ్బేం లేదంట."

"జబ్బు లేకపోతే రాత్రంతా ఎందుకు ఉంచారు బాబూ?"

"పరీక్షల కోసమే అడ్మిట్ అయ్యారని వాళ్లు రాశారు సార్. అట్లాంటివి పాలసీలో కవర్ కావు." తర్వాత స్క్రీన్ నా వైపు తిప్పి మరీ చదివాడు. "డయాగ్నసిస్‌లో యాంగ్జైటీ అని ఉంది. అంటే టెన్షన్ సార్. టెన్షన్‌కి డబ్బులు ఎవరిస్తారు?"

వెనకాల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మంచితనం కొద్దీ మళ్లీ చూడ్డానికొచ్చిన సెక్రటరీ గారు నా పక్కనే ఉన్నారు. నన్ను కిందికీ పైకీ చూసి, "అంటే... మీకు లిఫ్టంటే భయమా?" అన్నారు. వాళ్ల లిఫ్టుకి నా చేతుల్తో రోప్‌లు మార్చి ఏడాది కాలేదు! బావమరిది ఇరవై వేలు ఫోన్‌లో పంపి, "ఏమీ లేదన్నారుగా బావా, ఊరికే హడావుడి చేశావ్" అన్నాడు. వారం తిరక్కుండా మియాపూర్ వాళ్లు మా ఆఫీసుకి ఫోన్ చేసి, ఇకమీదట వేరే మెకానిక్‌ని పంపమన్నారు.

2017 మానసిక ఆరోగ్య చట్టంలో, ఒంటి జబ్బుకి ఎలా ఇన్సూరెన్స్ ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇవ్వాలని రాసుంది. తర్వాత తెలుసుకున్నా. చట్టం ఉంది సరే, నా కాగితం మీద ఇంకో రూలు చూపించారు. మీరైతే డిశ్చార్జ్ సమ్మరీలో ఏం రాశారో సంతకం పెట్టకముందే చదవండి. ఇంతా చేసి నా సమ్మరీలో ఉన్నవి ఒక గ్యాస్ మాత్ర, ఒక విటమిన్ మాత్ర. నాకొచ్చింది 'పానిక్ అటాక్', అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం. ఆ మాట ఆ ఆసుపత్రిలో ఒక్కరూ నాతో అనలేదు. "ఏమీ లేదు" అన్నారు. ఏమీ లేకపోతే మళ్లీ ఎందుకొస్తోంది?

అవును, మళ్లీ వచ్చింది, రెండుసార్లు. ఇక వస్తుందేమోనన్న భయమే రోజంతా. లిఫ్ట్ మానేశా, తర్వాత ఫ్లైఓవర్ మానేశా, తర్వాత మెట్రో. ఒక రాత్రి రెండింటికి 14416కి ఫోన్ చేశా. అది టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. డాక్టర్‌కి చూపించుకోమన్నారు.

వెళ్లింది ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికే. ఆ పేరు మన ఊళ్లో తిట్టు కదా. అందుకని చేతిలో ఖాళీ సంచి పట్టుకుని, రైతు బజార్‌కి పోతున్నట్టు నడిచా. తిరిగొచ్చేటప్పుడు నిజంగానే టమాటాలు కొన్నా.

డాక్టర్ థైరాయిడ్ పరీక్ష చేయించి, రోజూ వేసుకునే మాత్ర రాశారు. పని చేయడానికి వారాలు పడుతుంది, మొదట్లో గాభరా కాస్త పెరగొచ్చు, మీ అంతట మీరు ఆపొద్దు అన్నారు. పెరిగింది కూడా. ఆపలేదు.

సైకాలజిస్ట్ మేడం మాత్రం నన్నే అడిగారు: "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి ఇంటర్‌కమ్‌లో ఏం చెప్తారు?"

"గాలి ఆడుతుంది, లిఫ్ట్ పడిపోదు, తలుపు మాత్రం బలవంతంగా లాగకండి అంటాను."

"మీరు చేస్తున్నది తలుపు లాగడమే" అన్నారు.

అప్పుడు బుర్రకెక్కింది. లిఫ్ట్ స్పీడ్ మించితే గవర్నర్, అంటే స్పీడ్‌ని కనిపెట్టే పరికరం, ట్రిప్ అయి, మనం నిలబడే లిఫ్ట్ పెట్టె పట్టాలకి బిగుసుకుంటుంది. ఒక్కోసారి స్పీడ్ మించకుండానే ట్రిప్ అవుతుంది. లోపలివాళ్లు రోప్ తెగిందని కేకలు పెడతారు. రోప్ నిక్షేపంగా ఉంటుంది. నా ఒంట్లో అడ్రినలిన్, అంటే ప్రమాదమప్పుడు ఊరే హార్మోన్, చేసింది అదే. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు కొంకర్లు పోతాయట. మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, దానంతటదే దిగుతుంది. ఆలోగా పారిపోతే, పారిపోబట్టే బతికానని మెదడు నేర్చుకుంటుంది.

ఆవిడ నాతో స్ట్రాలోంచి ఊపిరి తీయించారు, కుర్చీలో గిరగిరా తిప్పారు. కావాలనే దడ తెప్పించి, అది తగ్గేదాకా కూర్చోబెట్టారు. తర్వాత లిఫ్టులో ఒక ఫ్లోర్, రెండు ఫ్లోర్లు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. అన్నిటికంటే కష్టమైంది ఇరానీ చాయ్ తగ్గించడం. రోజుకి ఏడు కప్పులు తాగేవాణ్ణి, ఇప్పుడు రెండు.

నిన్న తొమ్మిదో ఫ్లోర్ దగ్గర గుండె ఎగిరింది. బటన్ నొక్కలేదు. వదలడం ఆరు దాకా లెక్కపెట్టా, మళ్లీ లెక్కపెట్టా. పద్నాలుగులో తలుపు తెరుచుకుంది.

హెల్పర్ నా మొహం చూసి, "అన్నా, మోకాళ్లు తగ్గినయా?" అన్నాడు.

తగ్గాయన్నా. అసలు సంగతి వాడికింకా చెప్పలేదు.