ఏ డిండి సార్? శ్రీశైలం రోడ్డులో టైరు పేలిన రోజు

కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే సగం సంగతులు మర్యాద కోసం వదిలేస్తానని ఇప్పుడే రాస్తున్నాను.

కార్తీక మాసం కదా అని మొన్న శనివారం అమ్మను, నా భార్యను తీసుకుని మహబూబ్‌నగర్ నుంచి శ్రీశైలం బయల్దేరాను. జడ్చర్ల, కల్వకుర్తి దాటి 765వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేస్తారు, మళ్లీ తెల్లారి 6 గంటలకే తీస్తారు. ఆలోపే దాటాలి. వంగూరు ఊరికి తిరిగే చోటు, అందరూ వంగూరు గేటు అంటారు, అది దాటి, ఇంకా డిండి రాకముందే వెనక ఎడమ టైరు పేలింది. దిగి చూస్తే సైడు బెత్తెడు మేర చీలిపోయింది. అడుగున మేకు దిగితే పంచర్ వేయించుకోవచ్చు. సైడు చిరిగిన టైరుకు ఏ పంచరూ ఆగదు, పారేయాల్సిందే.

కారును మట్టి మార్జిన్‌లోకి దింపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, కారుతో పాటు కంపెనీ ఇచ్చిన ఎర్ర త్రిభుజాన్ని బాగా వెనక్కి నడిచి పెట్టాను. ఆడవాళ్లిద్దరినీ కార్లో ఉంచకుండా రోడ్డుకు దూరంగా వేపచెట్టు కిందకు పంపాను. ఆగిన కారును వెనక నుంచి లారీ గుద్దిన వార్త చదవని నెల లేదు. దయచేసి ఎండగా ఉందనో, ఏసీ ఉందనో మనుషుల్ని ఆగిన కార్లో కూర్చోబెట్టకండి.

స్టెప్నీ మార్చడం నాకు కొత్త కాదు. మా నాన్న జీపుకు పదో తరగతి నుంచే చక్రాలు విప్పిన చేతులివి. స్టెప్నీలో గాలి కూడా బయల్దేరే ముందే చూసుకున్నాను. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. అలాగే మొదలుపెట్టాను. ఒక్క నట్టు కదల్లేదు. కారుతో వచ్చే పానా జానెడు పొడవు, దాని మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. చివరికి పానా జారి ఒక నట్టు అంచులు అరిగిపోయాయి.

కారణం నాకు తెలుసు. పోయిన నెల మా ఊళ్లో ఒక పెద్ద టైర్ల షాపులో అలైన్‌మెంట్ చేయించాను. అక్కడి కుర్రాడు గాలి గన్నుతో నట్లను బిర్రుగా బిగించేశాడు. మామూలు కారుకు నూరు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగిస్తే చాలు. గన్నుతో నట్టు కాస్త పట్టేంత వరకే తిప్పి, ఆఖరి బిగింపు ఆ కొలత చూపే టార్క్ రెంచ్‌తో ఇవ్వాలి. అది వాళ్ల గోడకే వేలాడుతోంది, ఎవరూ ముట్టరు. మీరు మాత్రం పక్కనే నిలబడి, "గన్ను ఆపు తమ్ముడూ, చేత్తో బిగించు" అని గట్టిగా చెప్పండి. ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

సరే, బీమా ఉంది కదా అనుకున్నాను. పాలసీతో పాటు రోడ్డు మీద సాయం కోసం విడిగా డబ్బు కట్టాను. నా టెన్షన్ అంతా అక్కడే మొదలైంది.

కంపెనీ కాల్ సెంటర్‌కు చేశాను, ఒకావిడ ఎత్తింది. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్. వాళ్లు పంపిన లొకేషన్ లింకు తెరుచుకోలేదు. అదే చెప్పి, నోటితో వివరంగా చెప్పాను: హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు, వంగూరు గేటు దాటాక, డిండికి ఇవతల. ఆవిడ "డిండి, ఓకే సార్, నోట్ చేసుకున్నాను" అంది. జిల్లా ఏదని అడిగింది. వంగూరు నాగర్‌కర్నూల్ జిల్లా, డిండి నల్లగొండ జిల్లా, రెండూ చెప్పాను. "గంటన్నరలో మా మనిషి వస్తాడు సార్" అంది. మెసేజ్ కూడా వచ్చింది.

ఎండ వాలుతోంది. అమ్మ షుగర్ మాత్ర వేసుకుని రెండు బిస్కెట్లు తిన్నది. పత్తి లోడు ట్రాక్టర్లు పోతున్నాయి. గంటన్నర దాటాక ఫోన్ మోగింది.

"ఏవండీ, డిండి రిసార్టు దాటి వచ్చేశానండి. చించినాడ వంతెన దగ్గరున్నాను. మీ కారు ఎక్కడుందండీ?"

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. చించినాడ ఏమిటి? అప్పుడు తట్టింది. కోనసీమలో రాజోలు పక్కన, వశిష్ట గోదావరి ఒడ్డున ఇంకో డిండి ఉంది. నేనున్నది కృష్ణ వైపు డిండి. నల్లమల ముంగిట్లో ఉన్న మనిషి కోసం ఆ పాపం కుర్రాడు కొబ్బరితోటల మధ్య వెతుకుతున్నాడు! నడుమ వందల కిలోమీటర్లు. శ్రీశైలం రోడ్డు అని చెప్పాను, వంగూరు అని చెప్పాను, రెండు జిల్లాల పేర్లు చెప్పాను. ఆవిడ పేరు కొట్టి, స్క్రీన్ మీద మొదట వచ్చిన ఊరు నొక్కింది, అంతే.

ఆ కుర్రాడు మంచివాడు. "అయ్యో, మీ తప్పేం లేదండి, నా డీజిల్ పోయిందండి" అన్నాడు. ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకున్నాం.

కంపెనీకి మళ్లీ ఫోన్ చేశాను. పాట వినిపించారు, భాష ఎంచుకోమన్నారు, పాలసీ నంబరు మొదటి నుంచి అడిగారు. చివరికి కొత్త గొంతు చెప్పింది: "సార్, మీ కేసు క్లోజ్ అయింది. మా మనిషి స్పాట్‌కి వచ్చాడు, కస్టమర్ అక్కడ లేరని రాశాడు. మళ్లీ తెరిస్తే రెండో సర్వీసు కింద లెక్క."

పెద్దవాళ్లతో మాట్లాడతానన్నాను. వచ్చిన పెద్దమనిషి నా మాట పూర్తిగా వినలేదు. "ఉన్న చోటు సరిగ్గా చెప్పాల్సింది కస్టమరే సార్. చాలామంది ఇలా తప్పుడు కాల్స్ చేస్తుంటారు" అన్నాడు. చప్పుడులో వినపడదని స్పీకర్ పెట్టి ఉన్నాను. చెట్టు కింద నుంచి అమ్మ లేచి వచ్చింది. "ఏందిరా, మనం అబద్ధం చెప్తున్నమంటున్నడా ఆయన?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా ఒక్క వాయిదా తప్పకుండా బీమా కట్టినవాణ్ని, రోడ్డు పక్కన కన్నతల్లి ముందు దొంగలా నిలబెట్టారు. టైరు పేలినప్పుడు కూడా నా చేతులు వణకలేదు, అప్పుడు వణికాయి.

డబ్బు తీసుకునేటప్పుడు మన ఇంటి నంబరు, కారు ఇంజిన్ నంబరు అన్నీ వాళ్లకు సరిగ్గా దొరుకుతాయి. ఆపదలో ఉన్నప్పుడు ఊరు దొరకదు. పల్లెల పేర్లు రెండు మూడు చోట్ల ఉంటాయని, మండలం, జిల్లా అడిగి సరిచూసుకోవాలని తెలియనివాళ్లను ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెడతారు?

ఫోన్ పెట్టేశాక 1033కు చేశాను. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది. ముందే చేయాల్సిన నంబరు అదేనని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. వాళ్లు ఊరి పేరుతో ఆగలేదు, రోడ్డు నంబరు, కిలోమీటరు రాయి మీద ఎంతుందో అడిగారు. జాతీయ రహదారి రాళ్లకు పైభాగం పసుపు రంగు ఉంటుంది, ఎక్కడ ఆగినా ముందు ఆ రాయిని వెతకండి. పోయినేడు విజయవాడ రోడ్డులో కేతేపల్లి దగ్గర మా బావమరిది కారు ఆగితే టోల్ వాళ్ల పెట్రోలింగ్ బండి వచ్చి పైసా తీసుకోకుండా సాయం చేసింది.

నాకు మాత్రం వాళ్లు వచ్చే అవసరం పడలేదు. ఈలోగా పత్తి ట్రాక్టర్ నడిపే అతను ఆగి, "ఏమైంది అన్నా?" అని దిగి, డిండిలో తనకు తెలిసిన పంచర్ షాపు అతనికి ఫోన్ కలిపాడు. మోటార్‌సైకిల్ మీద పావుగంటలో వచ్చాడు, వెనక సంచిలో క్రాస్ పానా, ఒక ఇనుప పైపు. నట్ల చుట్టూ కాస్త డీజిల్ పోసి బీడీ ఒకటి కాల్చే దాకా ఆగాడు, కారుకు దూరంగా నిలబడే కాల్చాడు. తర్వాత పానాకు పైపు తొడిగి చివర పట్టుకుని ఒక్కసారి తన్నకుండా, బరువంతా మెల్లగా వేశాడు. 'టక్' మని మొదటి నట్టు లొంగింది. అంచులు అరిగిన దానికి ఒక సైజు చిన్న సాకెట్‌ను సుత్తితో దిగ్గొట్టి తిప్పాడు. అదీ వచ్చింది. స్టెప్నీ ఎక్కించి, నట్లను ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాడు. 600 రూపాయలు అడిగాడు. బేరం ఆడలేదు. ఆ నట్టు విప్పడం ఎంత పనో నాకు తెలుసు.

ఒక పైపు ముక్క కొని డిక్కీలో వేసుకోండి. రెండడుగులది చాలు. బీమా కంటే అది నమ్మకం.

స్టెప్నీ లేకుండా అడవిలోకి వెళ్లే ధైర్యం చేయలేదు. మన్ననూరు దాటాక దోమలపెంట దాకా చాలా చోట్ల సిగ్నలే ఉండదు. హాజీపూర్ దగ్గర అచ్చంపేట వైపు తిప్పి, కొత్త టైరు వేయించి, మిగతా మూడు చక్రాల నట్లూ విప్పించి నా కళ్ల ముందే చేత్తో బిగించించాను. గేటు వేసేలోపు మన్ననూరు దాటాం. మల్లన్న దర్శనం ఆదివారం పొద్దున్నే ప్రశాంతంగా అయింది.

నిన్న బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాశాను. చించినాడ కుర్రాడి కాల్ వచ్చిన సమయం, వాళ్ల మెసేజ్, వంగూరు గేటు దగ్గర తీసిన కారు ఫొటో అన్నీ జత చేశాను. వాడుకోని సర్వీసును లెక్కలోంచి తీసేయాలని, మా అమ్మ వినేలా అన్న మాటకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలని అడిగాను. రెండు వారాల్లో తేల్చకపోతే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో పెడతాను, అక్కడా కాకపోతే బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు. పాలసీ రెన్యువల్ వచ్చే నెల. ఈ కంపెనీకి మాత్రం కట్టను.