24 అంగుళాల తలుపు

వెన్నుపాము దెబ్బతిన్నవారి ఇళ్లకు వెళ్లినప్పుడు నేను ముందుగా కొలిచేది కాళ్ల బలం కాదు, స్నానాలగది తలుపు. హనుమకొండ నుంచి పరకాల, నర్సంపేట వైపు ఊళ్లకు తిరిగే ఫిజియోథెరపిస్టును. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది.

నేను చూసేవారిలో తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికులు చాలామంది. 2024 నుంచి చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు వస్తున్నాయి, మంచిదే. అంతకుముందే పడినవారి సంగతి వేరు. పరకాల దగ్గరి ఒక అన్నకు దెబ్బ వీపు మధ్య నుంచి కిందికి తగిలింది. నడుము కింద స్పర్శ లేదు. చేతులు మాత్రం ఏళ్ల తరబడి చెట్లెక్కిన చేతులు, ఇనుములా ఉన్నాయి. అలాంటి మనిషికి భార్య మంచం మీదే స్నానం చేయిస్తోంది, తల్లి అన్నం కలిపి నోట్లో పెడుతోంది. స్నానాలగది పెరట్లో ఉంది. రెండు మెట్లు, 24 అంగుళాల తలుపు. చక్రాల కుర్చీ వెడల్పు 26.

తలుపు మార్పిద్దామంటే ఇంట్లో గొడవ. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఇంకో డాక్టరుకు చూపిద్దామన్నాడు తమ్ముడు. అప్పటికే పసరు వైద్యానికీ మాలిష్‌కూ అప్పు చేశారు. నడుస్తాడన్న ఆశకు ఎంతైనా ఖర్చు పెడతారు, ఉన్న ఒంటితో బతకడానికి ఇటుక కొనమంటే చేయి రాదు. నాకు కోపం వస్తుంది గానీ వాళ్ల మీద కాదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే ఇదంతా విడమరిచి చెప్పేవారు లేకపోవడం మీద. నెలకు 4,016 రూపాయల పింఛను మూత్రపు గొట్టాలకూ మందులకూ పోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలకు ర్యాంపులు ఉండాలంటుంది, పెరటి గది తలుపు దాకా రాదు.

డబ్బు కన్నా గట్టి అడ్డు వదిన చెప్పింది. "ఆయన పని ఆయన చేసుకుంటే, పెళ్లాం చాకిరీ మానేసిందని ఊరంతా అనదా అమ్మా?" ఆ భయానికి నా చదువులో జవాబు లేదు. అందుకే ఆమె అత్తగారిని కూర్చోబెట్టి వెల్లూరు డాక్టరు మేరీ వర్గీస్ గురించి చెప్పాను. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ తర్వాత ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆమెను కుర్చీలో ఎవరు కూర్చోబెట్టేవారు?"

అక్కడి నుంచి పని మొదలైంది. నులక మంచం తీసేసి, చెక్క మంచాన్ని ఇటుకల మీద కుర్చీ ఎత్తుకు లేపాం. మంచం నుంచి కుర్చీలోకి జరగడానికి వడ్రంగి చేత ఒక పలక చిత్రిక పట్టించాం. పెచ్చు గుచ్చుకున్నా ఆయనకు తెలియదు కాబట్టి అంచులు అరచేత్తో తడిమి మరీ చూశాను. కుర్చీ బ్రేకు వేసి, పలక తొడ కిందికి తోసి, ముందుకు వంగి, పిడికిళ్లు ఆనించి ఒళ్లు కొంచెం ఎత్తి కొంచెం జరగాలి. ఈడ్చితే చర్మం లేస్తుంది. ఆయన జరుగుతుంటే తల్లి చేతులు ముందుకు వచ్చాయి. నేను ఆ చేతులు పట్టుకున్నాను. ఆయన కుర్చీలో పడ్డాక ఆమె ఏడ్చింది, ఆయన మాత్రం మంచినీళ్లు అడిగాడు.

ఇప్పుడు ఉదయం, రాత్రి చిన్న అద్దం పెట్టి పిరుదులు, మడమలు తానే చూసుకుంటాడు. నొక్కినా పోని ఎర్ర మచ్చ కనిపిస్తే ఆ పక్క ఆనడు. పుండు పడితే నెలలు మంచం పాలే. నాలుగైదు గంటలకోసారి చేతులు సబ్బుతో కడుక్కుని మూత్రపు గొట్టం తానే పెట్టుకుంటాడు. కుర్చీలో ఉన్నంతసేపూ అరగంటకోసారి ఒళ్లు ఎత్తి పట్టడం మాత్రం మరచిపోతుంటాడు. వదిన ఫోనులో అలారం పెట్టింది.

తలుపు చివరకు మారింది. డబ్బు తమ్ముడే ఇచ్చాడు. మేస్త్రీ గడప తీసేసి, 36 అంగుళాల చట్రం పెట్టి, మెట్ల స్థానంలో వాలు పోశాడు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలంటే సగం పెరడు పోతుందని గొణిగాడు, అయినా పోశాడు. స్నానానికి ఆయనకు గంట పడుతోంది. ఆ గంట వదిన బయట పని చూసుకుంటోంది.

ముందుగదిలో కిరాణా పెడతానంటున్నాడు. సరుకు తెచ్చుకోవాలంటే వాకిటి మురికి కాలువ మీద వెడల్పాటి బండ పడాలి. దాని గురించి పంచాయతీలో తానే అడుగుతానన్నాడు, నన్ను రావద్దన్నాడు.