చెయ్యి ఆగిన చోట ‘కి’

బధిరుల బడిలో మన బ్యాచ్ చూచిరాతకు వంకపెట్టినవాళ్ళు లేరు. గుండ్రంగా ముత్యాల్లాంటి అక్షరాలు. అదే సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే, ఐదో తరగతికొచ్చినా పెన్సిలు కదిలేది కాదు.

అప్పట్లో తరగతిలో చేతులు కదిపితే స్కేలు దెబ్బ. టీచరు పెదవులు చూసి డిక్టేషన్ రాయాలి. పాట, బాట, మాట. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని విడతాయి. ఏది రాయాలి? పక్కవాడి నోటుబుక్కే దిక్కు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల ఉపాధ్యాయులు సభపెట్టి, చదువు నోటిమాటతోనే చెప్పాలని తీర్మానించారు. ఆ తీర్మానమే వందేళ్ళ తర్వాత మన వేళ్ళ మీద పడిందని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను.

హాస్టల్ నుంచి ఇంటికి నేను రాసిన మొదటి కార్డు: “నాన్న నేను డబ్బులు పంపాను.” నాకు డబ్బులు పంపమని నా ఉద్దేశం. మనియార్డర్ ఏదని అమ్మ వారం రోజులు పోస్ట్‌మ్యాన్‌ని అడిగిందట.

తర్వాత మీసం మాస్టారు వచ్చారు. మీసం మెలేసే సైగే మనకు ఆయన పేరు. హాస్టల్ వరండాలో మన మధ్య కూర్చుని సైగలు నేర్చుకున్నారాయన. ఓ రోజు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, ‘ఇవ్వడం’ సైగ చెయ్యమన్నారు. నా దగ్గర బయల్దేరిన చెయ్యి ఎదురుగా ఉన్న చిన్నపిల్ల దగ్గర ఆగింది. ఆ ఆగినచోటే గాల్లో వేలితో ‘కి’ అని రాసి, బోర్డు మీద “నేను చెల్లికి చాక్‌పీసు ఇచ్చాను” అని రాశారు. ఈసారి ఆ పిల్ల చేత చేయించారు. చెయ్యి నా వైపు వచ్చింది. “చెల్లి నాకు చాక్‌పీసు ఇచ్చింది.” ఎవరు ఎవరికిచ్చారో సైగలో చెయ్యి నడిచిన దారే చెప్తుంది. మన చేతుల్లో ఎప్పట్నుంచో ఉన్నదాన్నే ఆయన బోర్డు మీద పెట్టారు. ఆ రోజు కడుపునిండా ఏడ్చాను, సంతోషంతో.

క్రియ చివరి ‘డు’, ‘ది’ మాత్రం చాలాకాలం ఏడిపించాయి. సైగలో ఆడైనా మగైనా ‘రావడం’ ఒకటే. “అమ్మ వచ్చాడు” అని ఎన్నిసార్లు రాశానో! పాత వారపత్రికలు చదవగా చదవగా పట్టుబడింది.

ఢిల్లీలోని భారతీయ సైగల భాషా కేంద్రం నిఘంటువులో 2021 నాటికే 10,000 పదాలు చేరాయి. ఇప్పటి పిల్లలు ఫోన్లో చూసుకోవచ్చు, ఎంతో సంతోషం. కానీ పదాలు దొరికినా, వాటిని వాక్యంగా కూర్చడం ఎదురుగా కూర్చుని నేర్పాల్సిందే. ఒకటో తరగతి నుంచే సైగలు బాగా వచ్చిన టీచరు ఉండాలని మన సంఘం గట్టిగా అడగాలి.

ఇది రాస్తుంటే రెండుచోట్ల ‘ను’ పెట్టాలా, ‘కు’ పెట్టాలా అని కలం ఆగింది. కలం పక్కన పెట్టి సైగ చేసి చూసుకున్నాను. చెయ్యి ఆగిన చోట ‘కు’ రాశాను.