ఫైవ్‌కూ నైన్‌కూ మధ్య

అమెరికాలో ఒక ఎఫ్ఎం స్టేషనులో ఇంజినీరుగా చేరిన కొత్తలో, కారులో మా ప్రసారం వింటుంటే ప్రయోక్త చెప్పే ఫోను నంబరు నాకు అందేది కాదు. ఫైవ్ అన్నారో నైన్ అన్నారో తేలేది కాదు. లోపం నా చెవిదేననుకున్నాను. పరాయి భాష, పరాయి యాస, అలవాటు కావాలి అని సర్దిచెప్పుకుని ఆరు వారాలు గడిపాను. వినడమే వృత్తిగా చేరినవాణ్ణి. మాటలు తెలియడం లేదని ఏ నోటితో చెప్పను?

ఒక సాయంత్రం, ప్రసారానికి ముందు ధ్వని హెచ్చుతగ్గులను సరిచేసే ప్రాసెసర్‌లోకి వెళ్లకముందు ఉన్న ధ్వనిని హెడ్‌ఫోనులో విన్నాను. అదే గొంతు, అదే యాస. ప్రతి అంకె స్పష్టంగా ఉంది. ఆ వెంటనే ట్యూనర్ పట్టిన ప్రసారం విన్నాను. అంకెల మొదట ఉండాల్సిన హల్లులు లేవు! గుండె తేలికపడింది. ఆ మరుక్షణమే కోపమూ వచ్చింది.

మల్టీబ్యాండ్ ప్రాసెసర్ ధ్వనిని మంద్రం నుంచి తారం దాకా కొన్ని బ్యాండ్లుగా విడదీసి, ఒక్కోదాన్ని విడిగా అదిమి, తిరిగి కలుపుతుంది. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా గొంతు కుంగిపోకుండా కాపాడేది ఈ విభజనే. మా యంత్రంలో ఐదు బ్యాండ్లు. అన్నీ దాదాపు 12 డెసిబెళ్లు అణిగి ఉన్నాయి, రిలీజ్, అంటే అదిమిన ధ్వనిని తిరిగి వదిలే తీరు, అతివేగంగా ఉంది. ప్రయోక్త రెండు అంకెల మధ్య ఆగగానే గెయిన్ (ధ్వనిని పెంచే మోతాదు) ఎగబాకి, వెనక మోగే సంగీతాన్ని గొంతు ఎత్తుకు లేపేది. ‘ఫైవ్’ మొదటి హల్లు ఊపిరి తప్ప మరేమీ లేని బలహీనమైన ధ్వని. అది ఆ సంగీతంలో మునిగితే మిగిలేది అచ్చు, ఆ అచ్చు నైన్‌లోనూ ఉంది. విమానాల రేడియో సంభాషణలో నైన్‌ను ‘నైనర్’ అని పలికేది ఈ పొరపాటు జరగకూడదనే.

దీనికి ప్రీ-ఎంఫసిస్ తోడైంది, అంటే ప్రసారానికి ముందు తారధ్వనులను కావాలని పెంచడం. దాని మోతాదును మైక్రోసెకన్లలో చెబుతారు: మన దేశంలో, ఐరోపాలో 50, అమెరికాలో 75. అంటే 15 కిలోహెర్ట్జ్ దగ్గర మన దేశంలో సుమారు 14 డెసిబెళ్లు పెరిగే ధ్వని, అమెరికాలో 17 డెసిబెళ్లు పెరుగుతుంది. ఆ పెరుగుదల డీవియేషన్ హద్దు (ప్రసార తరంగం ఎంతవరకు ఊగవచ్చో ఆ పరిమితి) దాటకుండా ‘స’కారాలను లిమిటర్ అనే భాగం మరింతగా కోస్తుంది. నాకు అలవాటైన సెట్టింగులు ఇక్కడ యథాతథంగా పనికిరావని అప్పుడే అర్థమైంది.

మరి తక్కిన వాళ్లు ఎందుకు పట్టుకోలేదు? ఆ భాషలో పుట్టి పెరిగినవారి మనసు పోయిన హల్లును తనే పూరించుకుంటుంది. నేను పూరించుకోలేను. ఆ ఊళ్లో నాలాంటి శ్రోతలు వేల మంది ఉన్నారు, వారికీ ఆ నంబరు అందడం లేదు. ఈ మాట పెద్ద ఇంజినీరుతో ధైర్యంగా అన్నాను.

ఆయన కొట్టిపారేయలేదు. “స్టేషను ధ్వని మెత్తబడితే శ్రోత డయల్ తిప్పేస్తాడు” అన్నారు, అంతే. ఆ భయంలో అర్థం ఉంది. అందుకే పాత సెట్టింగును భద్రపరిచి, ఒక్కొక్కటిగా మార్చాను. మల్టీబ్యాండ్ డ్రైవ్ (అందులోకి ధ్వనిని నెట్టే జోరు) తగ్గించి అణచివేతను 6 డెసిబెళ్ల దగ్గరికి తెచ్చాను. రిలీజ్ నెమ్మదించాను. విరామాల్లో గెయిన్ కదలకుండా గేట్ త్రెషోల్డ్ పెంచాను; ధ్వని ఆ స్థాయికన్నా తగ్గితే గేట్ గెయిన్‌ను ఉన్నచోటే ఆపేస్తుంది. అన్నిటికన్నా మేలు చేసింది ఈ గేటే అని నా నమ్మకం. ధ్వని శిఖరాలను కత్తిరించే చివరి క్లిప్పర్ డ్రైవ్ కొద్దిగా దించాను.

ముందు పాత సెట్టింగుది, తర్వాత కొత్తది, రెండు రికార్డింగుల స్థాయినీ సమానం చేశాకే ఆయనకు వినిపించాను. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా బిగ్గరగా ఉన్నదే బాగుందనిపిస్తుంది కాబట్టి, సమానం చేయని పోలిక పోలికే కాదు. ఆయన కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నారు. “మొదటిదాంట్లో ప్రయోక్త ఊపిరి కూడా అరుస్తోంది” అన్నారు.

మర్నాడు ఉదయం దారిలో రేడియో పెట్టాను. ప్రయోక్త నంబరు చెప్పారు. అందులో రెండు ఫైవ్‌లు, ఒక నైన్.